కొత్త గ్రాఫిక్స్ కార్డుకు మీ ఎస్‌ఎంపీఎస్ సరిపోతుందా? డబ్బు కట్టే ముందే తేల్చుకోండి

గ్రాఫిక్స్ కార్డు కోసం తిరుపతి నుంచి చెన్నై రిచీ స్ట్రీట్‌కు, చిత్తూరు నుంచి బెంగళూరు ఎస్పీ రోడ్డుకు పోయొచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మిగతావాళ్లు ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటారు. ఎక్కడ కొన్నా, కార్డు ఇంటికొచ్చి క్యాబినెట్ తెరిచాక గానీ చాలామందికి ఎస్‌ఎంపీఎస్, అంటే కంప్యూటర్‌లోని భాగాలన్నిటికీ కరెంటు ఇచ్చే డబ్బా, గుర్తుకు రాదు. అప్పుడు చూస్తే కార్డుకు కావలసిన కేబులే ఉండదు. ఒకవేళ ఉన్నా, తగిలించి ఆన్ చేసినప్పుడు అంతా బాగానే ఉన్నట్టుంటుంది. గేమ్ మొదలుపెట్టిన కాసేపటికి కంప్యూటర్ టప్పున ఆగిపోతుంది. ఇక కార్డు పోయిందేమోనని టెన్షన్.

ఇదంతా కొనే ముందే అరగంటలో తేలిపోయే విషయం. ఒక స్క్రూడ్రైవర్, ఫోన్ కెమెరా, కాగితం, పెన్ను ఉంటే చాలు. ఒక్క మాట మాత్రం మొదటే మనసులో పెట్టుకోండి. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉన్న "500 వాట్స్", "600 వాట్స్" చూసి నిర్ణయానికి రాకండి. మీరు చదవాల్సింది ఆ పక్కనే చిన్న అక్షరాల్లో ఉండే 12 వోల్టుల లెక్క.

ముందు లేబుల్ ఫోటో తీయండి

కంప్యూటర్ షట్‌డౌన్ చేసి, గోడ దగ్గర స్విచ్ ఆపి, ప్లగ్ పీకేయండి. క్యాబినెట్ పక్క డోరు తీయండి. వెనకవైపు పవర్ కార్డ్ ఎక్కడ గుచ్చుతామో ఎస్‌ఎంపీఎస్ అక్కడే ఉంటుంది. పాత క్యాబినెట్లలో పైన, కొత్తవాటిలో కింద. లేబుల్ ఇవతలికి కనిపిస్తే ఫోటో తీసుకోండి. అవతలి వైపు ఉంటే వెనకున్న నాలుగు స్క్రూలు విప్పి డబ్బాను కొంచెం పక్కకు జరిపి తీయండి. ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ విప్పకండి. ప్లగ్ పీకిన తర్వాత కూడా దాని లోపలి కెపాసిటర్లలో ప్రాణం మీదకు తెచ్చేంత వోల్టేజీ కొంతసేపు నిలిచి ఉండొచ్చు.

ఫోటోను పెద్దది చేసి చూస్తే ఒక పట్టిక కనిపిస్తుంది. 3.3 వోల్టులు, 5 వోల్టులు, 12 వోల్టులు అని గడులు, వాటి కింద యాంపియర్లు. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ తమకు కావలసిన కరెంటును దాదాపు మొత్తం 12 వోల్టుల నుంచే లాక్కుంటాయి. కాబట్టి ఆ గడిలో ఉన్న యాంపియర్లను 12తో గుణించండి. వచ్చిందే మీ ఎస్‌ఎంపీఎస్ అసలు బలం.

ఒక మంచి 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ మీద 12 వోల్టుల కింద 45 యాంపియర్లు ఉంటాయనుకోండి. 12 గుణించు 45, అంటే 540 వాట్లు. రాసిన మాటకూ ఇచ్చే కరెంటుకూ పొంతన ఉంది. ఇప్పుడు క్యాబినెట్‌తో పాటు ఫ్రీగా వచ్చిన "500 వాట్స్" డబ్బా చూడండి. 12 వోల్టుల కింద 18 యాంపియర్లే ఉన్నాయనుకుంటే, గుణిస్తే 216 వాట్లు. మిగతా వాట్లన్నీ 5 వోల్టులు, 3.3 వోల్టుల కింద చూపించి కూడిన అంకెలు. పెంటియం 4 రాకముందు ప్రాసెసర్లు ఆ 5 వోల్టుల మీదే నడిచేవి కాబట్టి అప్పట్లో ఆ లెక్కకు అర్థం ఉండేది. ఇప్పటి కార్డుకు ఆ వాట్లు అక్కరకు రావు.

కొన్ని లేబుళ్ల మీద 12 వోల్టులు రెండు గడులుగా ఉంటాయి, ఒక్కోదాని కింద 18 యాంపియర్లు అని. రెండూ కలిపి 36 అనుకోకండి. ఆ రెండిటికీ కలిపి గరిష్ఠంగా ఎన్ని వాట్లో కింద వేరే గడిలో రాసి ఉంటుంది. ఆ అంకెనే తీసుకోండి. ఇక 12 వోల్టుల యాంపియర్లు అసలు రాయనే రాయని లేబుల్, కంపెనీ పేరే లేని లేబుల్ కనిపిస్తే లెక్కతో పని లేదు. దాని మీద కొత్త కార్డు పెట్టొద్దు.

మీ కంప్యూటర్‌కు ఎంత కావాలో లెక్కేయండి

కాగితం మీద మూడు అంకెలు రాసుకోవాలి.

మొదటిది ప్రాసెసర్. ఏ ప్రాసెసరో తెలియకపోతే విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్‌లో సీపీయూ మీద నొక్కితే పేరు కనిపిస్తుంది. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. ఇంటెల్ ఐ5 12400 డబ్బా మీద 65 వాట్లు అని ఉంటుంది. గట్టిగా పని చేసేటప్పుడు అది 117 వాట్ల దాకా తీసుకోవడానికి ఇంటెల్ లెక్కే అనుమతిస్తుంది. ఏఎండీ రైజెన్‌లో 65 వాట్లని చెప్పేవి కూడా 88 వాట్ల దాకా పోతాయి. మీరు రాసుకోవాల్సింది ఆ పెద్ద అంకె. ఇంటెల్ అయితే కంపెనీ వెబ్‌సైట్‌లో మీ మోడల్ పేజీలో గరిష్ఠ టర్బో పవర్ అని ఇస్తారు.

రెండోది కార్డు. ఎక్కువగా కొనేవాటి కంపెనీ అంకెలు ఇక్కడ ఇస్తున్నాను. జీటీఎక్స్ 1650కి 75 వాట్లు, ఆర్‌టీఎక్స్ 3050లో 6 జీబీ రకానికి 70, అదే 3050లో 8 జీబీ రకానికి 130, ఆర్‌టీఎక్స్ 3060కి 170, ఆర్‌టీఎక్స్ 4060కి 115, ఆర్‌టీఎక్స్ 5060కి 145, ఆర్‌టీఎక్స్ 5070కి 250. ఏఎండీలో ఆర్‌ఎక్స్ 6600కి 132, ఆర్‌ఎక్స్ 7600కి 165. సెకండ్‌హ్యాండ్‌లో తిరిగే ఆర్‌ఎక్స్ 580కి 185. పాత కార్డు చవకగా దొరికిందని సంబరపడే ముందు ఆ చివరి అంకెను 4060 అంకెతో పోల్చి చూడండి. తక్కువ పని చేసే పాత కార్డు ఎక్కువ కరెంటు తింటుంది. దానికోసం ఎస్‌ఎంపీఎస్ మార్చాల్సి వస్తే చవక అన్న మాటే ఉండదు. ఫ్యాక్టరీలోనే ఓవర్‌క్లాక్ చేసిన, అంటే వేగం పెంచిన మోడళ్లు ఈ అంకెలకన్నా కాస్త ఎక్కువ తీసుకుంటాయి, అది కూడా గుర్తుంచుకోండి.

మూడోది మిగతా సామాను. మదర్‌బోర్డు, ర్యామ్, ఎస్ఎస్‌డీ, ఫ్యాన్లు అన్నిటికీ కలిపి 50 వాట్లు వేసుకోండి. తిరిగే హార్డ్‌డిస్కులు ఉంటే ఒక్కోదానికి ఇంకో 10.

ఐ5 12400ఎఫ్ ఉన్న కంప్యూటర్లో ఆర్‌టీఎక్స్ 4060 పెట్టాలనుకుంటే 117, 115, 50 కలిపి 282 వాట్లు. ఈ మొత్తం మీ 12 వోల్టుల బలంలో 70 శాతం దాటకూడదన్నది నేను పాటించే లెక్క. 282ను 0.7తో భాగిస్తే 403 వాట్లు, అంటే దాదాపు 34 యాంపియర్లు. పేరున్న కంపెనీ 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్‌లో 36 యాంపియర్లు ఉంటే అది సరిపోతుంది. ఇందాకటి 18 యాంపియర్ల డబ్బా పూర్తి బలం 216. 282 దాని శక్తికి మించిన పని.

అదే కంప్యూటర్‌కు ఆర్‌టీఎక్స్ 3060 అయితే 337 వాట్లు, కావలసింది 40 యాంపియర్లు. 550 వాట్ల మంచి డబ్బా తీసుకోవాలి. ఆర్‌టీఎక్స్ 5070 అయితే 417 వాట్లు, 50 యాంపియర్లు. అంటే 650 వాట్లది.

ఆర్‌టీఎక్స్ కార్డుల కంపెనీ ఎన్‌విడియా తన పేజీలో 4060కి 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ ఉండాలంటుంది. మన లెక్కలో 450 వచ్చిందేమిటని అనుమానం రావచ్చు. మీ ప్రాసెసర్ ఏదో, ఎస్‌ఎంపీఎస్ ఎంత మంచిదో కంపెనీకి తెలియదు కదా. అందుకని అందరికీ కలిపి కాస్త పెద్ద అంకె చెబుతుంది. కొత్తగా కొనేటట్టయితే కంపెనీ చెప్పిన అంకెకే కొనండి. ఇంట్లో ఉన్నదాన్నే వాడాలనుకున్నప్పుడు మాత్రం యాంపియర్ల లెక్కే నమ్మకమైనది.

మన ఎండలకు కొంచెం తగ్గించి చూడండి

మే నెలలో తిరుపతి, రేణిగుంట, శ్రీకాళహస్తి వైపు మధ్యాహ్నం 40 డిగ్రీలు దాటడం మనకు కొత్త కాదు. ఏసీ లేని గదిలో, డోరు మూసిన క్యాబినెట్ లోపల వేడి ఇంకా ఎక్కువ. ఎస్‌ఎంపీఎస్ వేడెక్కేకొద్దీ అది ఇవ్వగలిగే కరెంటు తగ్గుతుంది. కంపెనీలు చెప్పే వాట్లు ఫలానా ఉష్ణోగ్రత దగ్గర అని ఉంటాయి. మంచివాటికి 50 డిగ్రీల దగ్గర, కొన్నిటికి 40 డిగ్రీల దగ్గర మాత్రమే. ఈ సంగతి డబ్బా మీద గానీ వెబ్‌సైట్‌లో గానీ రాస్తారు. 40 అని ఉన్నా, ఏమీ రాయకపోయినా నేనైతే 70 శాతం బదులు 60 శాతంతో లెక్కేస్తాను. చల్లటి ఊళ్లలో నడిచిన సెటప్ ఇక్కడ నడవకపోవడానికి ఇది పెద్ద కారణం. ఇంటర్నెట్‌లో ఎవరో "నాకు పనిచేసింది" అన్నారని కొనే ముందు వాళ్లది ఏ ఊరో కూడా ఆలోచించండి.

రెండో సంగతి ఒక్కసారిగా లాగే కరెంటు. పొలంలో బోరు మోటారు స్టార్ట్ అయ్యే క్షణంలో మామూలుకన్నా కొన్ని రెట్లు ఎక్కువ కరెంటు ఎలా లాగుతుందో, గ్రాఫిక్స్ కార్డు కూడా సెకనులో వెయ్యో వంతు పాటు అలా లాగుతుంది. మోటారు ఒక్కసారే లాగితే, కార్డు గేమ్ నడుస్తున్నంతసేపూ మళ్లీ మళ్లీ లాగుతూనే ఉంటుంది. ఆర్‌టీఎక్స్ 3080 లాంటి పెద్ద కార్డులు రాసిన అంకెకు రెట్టింపు దాకా పోయిన క్షణాలున్నాయి. అప్పుడు ఎస్‌ఎంపీఎస్‌లోని రక్షణ వ్యవస్థ ఏదో షార్ట్ అయిందనుకుని మొత్తం ఆపేస్తుంది. సగటు లెక్క సరిపోయినా కంప్యూటర్ ఆగిపోవడం వెనక ఉన్నది ఇదే. 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణం ఈ సమస్య కోసమే. ఆ ప్రమాణంలో కొత్త 16 పిన్‌ల ప్లగ్ ఉన్న ఎస్‌ఎంపీఎస్‌లు తమ వాట్లకు రెట్టింపును 100 మైక్రోసెకన్ల పాటు తట్టుకోవాలి. ఇప్పుడు కొత్తది కొనేవాళ్లు ఏటీఎక్స్ 3.0 గానీ 3.1 గానీ ఉన్నదే అడగండి. 4060 లాంటి చిన్న కార్డుకు మాత్రం దీని గురించి అంత దిగులు అక్కర్లేదు.

ప్లగ్గులు లెక్కపెట్టండి

వాట్లు సరిపోయినా ప్లగ్ లేకపోతే పని కాదు. మదర్‌బోర్డు మీద కార్డు కూర్చునే స్లాటు 75 వాట్లు ఇస్తుంది. అందుకే 3050 6 జీబీ, ఆర్‌ఎక్స్ 6400 లాంటివి వేరే కేబుల్ లేకుండా నడుస్తాయి. అంతకుమించి కావాలంటే ఎస్‌ఎంపీఎస్ నుంచి నేరుగా రావాలి. 6 పిన్‌ల ప్లగ్ 75 వాట్లకు, 8 పిన్‌లది 150 వాట్లకు. కొత్త పెద్ద కార్డులకు 16 పిన్‌ల ప్లగ్ ఉంటుంది, అది 600 వాట్ల దాకా. ఒకే మోడల్‌ను వేర్వేరు కంపెనీలు వేర్వేరు ప్లగ్గులతో అమ్ముతాయి కాబట్టి మీరు కొనబోయే కార్డు ఫోటోలో అంచు చూసి నిర్ధారించుకోండి.

మీ ఎస్‌ఎంపీఎస్‌లో 6 ప్లస్ 2 అని విడిపోయే ప్లగ్ ఉందేమో చూడండి. గ్రాఫిక్స్ కార్డుది అదే. 4 ప్లస్ 4 అని విడిపోయేది ప్రాసెసర్‌ది. చూడ్డానికి రెండూ 8 పిన్‌లే కానీ వాటిలో 12 వోల్టుల తీగలు, ఎర్త్ తీగలు తలకిందులుగా ఉంటాయి. పట్టకపోతే బలవంతంగా నొక్కకండి, కార్డు కాలిపోతుంది.

ప్లగ్ లేదని చెబితే అంగట్లో ఒక చిన్న కన్వర్టర్ చేతిలో పెడతారు. హార్డ్‌డిస్క్‌కు వెళ్లే సాటా కేబుల్ నుంచి 6 పిన్‌లు, ఇంకా దారుణంగా 8 పిన్‌లు చేసేది. దీన్ని తీసుకోవద్దని గట్టిగా చెప్తున్నాను. సాటా ప్లగ్‌లో 12 వోల్టులకు మూడు పిన్‌లు ఉంటాయి, ఒక్కో పిన్ 1.5 యాంపియర్లకు. మొత్తం 54 వాట్లు. దాన్నుంచి 75 వాట్లో 150 వాట్లో లాగితే ప్లాస్టిక్ కరుగుతుంది, నిప్పు కూడా అంటుకోవచ్చు. అసలు కార్డు ప్లగ్గే ఇవ్వని ఎస్‌ఎంపీఎస్ అంటే, ఆ పనికి నేను తగనని దాన్ని తయారు చేసినవాళ్లే చెప్పినట్టు.

కార్డుకు రెండు 8 పిన్‌ల చోట్లు ఉంటే ఎస్‌ఎంపీఎస్ నుంచి రెండు వేర్వేరు కేబుళ్లు తీసుకోండి. ఒకే కేబుల్ చివర రెండు ప్లగ్గులున్నా ఆ ఒక్కదాంతో సరిపెట్టకండి. ఇక కేబుళ్లు ఊడదీసే మాడ్యులర్ రకం అయితే పాత ఎస్‌ఎంపీఎస్ కేబుళ్లను కొత్తదానికి ఎప్పుడూ వాడొద్దు. కార్డు వైపు ప్లగ్ అందరిదీ ఒకటే అయినా ఎస్‌ఎంపీఎస్ వైపు తీగల వరస ఒక్కో కంపెనీది ఒక్కోలా ఉంటుంది. ఒకే కంపెనీలో కూడా మోడల్‌ను బట్టి మారుతుంది. చక్కగా పడుతుంది, ఆన్ చేయగానే డిస్కో బోర్డో పోతుంది.

16 పిన్‌ల ప్లగ్‌ను టక్కుమనేదాకా పూర్తిగా లోపలికి నొక్కాలి. 2022లో ఆర్‌టీఎక్స్ 4090 వచ్చిన కొత్తలో కరిగిన ప్లగ్గుల్లో సరిగా కూర్చోనివి చాలా ఉన్నాయి. ప్లగ్ పక్కనే కేబుల్‌ను మెలి తిప్పొద్దు. కొంత దూరం నేరుగా పోనిచ్చి తర్వాత వంచండి.

ఆఫీసుల నుంచి వచ్చిన రీఫర్బిష్డ్ కంప్యూటర్ అయితే

కాలేజీ పిల్లలు ఎక్కువగా కొనేది ఇవే కాబట్టి వేరుగా చెప్తున్నాను. డెల్ ఆప్టిప్లెక్స్, హెచ్‌పీ ప్రోడెస్క్, లెనోవో థింక్‌సెంటర్ లాంటివి గట్టి కంప్యూటర్లే. వాటి ఎస్‌ఎంపీఎస్ కూడా రాసినంత ఇస్తుంది. అయితే రాసిందే 180 నుంచి 300 వాట్ల మధ్యలో ఉంటుంది, కార్డు ప్లగ్ చాలావాటిలో ఉండదు. సరే ఎస్‌ఎంపీఎస్ మార్చేద్దామనుకుంటే, చాలా మోడళ్లలో మదర్‌బోర్డుకు మామూలు 24 పిన్‌ల ప్లగ్ బదులు ఆ కంపెనీ సొంత ప్లగ్ ఉంటుంది. సన్నటి క్యాబినెట్లలో ఎస్‌ఎంపీఎస్ ఆకారం కూడా వేరు, మామూలుది అందులో పట్టదు.

వీటికి నా సలహా ఒకటే, కేబుల్ అక్కర్లేని కార్డు తీసుకోండి. సన్నటి క్యాబినెట్ అయితే లో ప్రొఫైల్ అనే పొట్టి రకం. 3050 6 జీబీలో ఆ రకం దొరుకుతుంది, 1650లో కూడా. 1650 కొన్ని మోడళ్లకు 6 పిన్‌ల ప్లగ్ ఉంటుంది, అవి కాకుండా చూసుకోండి. ఆర్‌ఎక్స్ 6400కు 53 వాట్లే కావాలి గానీ, అది స్లాటులో డేటా పోయే దారుల్లో (లేన్లు) నాలుగే వాడుకుంటుంది. స్లాటు పాత తరం పీసీఐఈ 3.0 అయిన బోర్డుల్లో దాని వేగం పడిపోతుంది. ఆ మూడింటిలో నా మొగ్గు 3050 6 జీబీ వైపే.

వయసు, బ్యాడ్జీ

ఎస్‌ఎంపీఎస్ కొన్న బిల్లు వెతకండి. వారంటీ మూడేళ్లదా, ఐదేళ్లదా, పదేళ్లదా అన్నది కంపెనీకి దాని మీద ఎంత నమ్మకమో చెబుతుంది. వారంటీ దాటిపోయిన డబ్బా మీద కొత్త కార్డు బరువు పెట్టడం నాకు ఇష్టం ఉండదు. వేడికి కెపాసిటర్లు ఏటేటా బలహీనపడతాయి, మన వాతావరణంలో ఇంకా త్వరగా. కాలిన వాసన, సన్నటి కీచుమనే శబ్దం కొత్తగా మొదలవడం, ఫ్యాన్ తిరగకపోవడం, ఇందులో ఏ ఒక్కటి ఉన్నా లెక్కలు ఆపేసి మార్చేయండి.

80 ప్లస్ బ్రాంజ్, గోల్డ్ అన్న గుర్తులు గోడ నుంచి తీసుకున్న కరెంటులో ఎంత వృథా కాకుండా లోపలికి చేరుతుందో మాత్రమే చెబుతాయి. 115 వోల్టుల పరీక్షలో సగం లోడు దగ్గర బ్రాంజ్‌కు 85 శాతం, గోల్డ్‌కు 90 శాతం ఉండాలి. రక్షణ ఎంత బాగుందన్నది ఆ గుర్తు చెప్పదు. అయినా ఏ గుర్తూ లేనిదానికన్నా బ్రాంజ్ ఉన్నది మేలు. పెద్ద ఎస్‌ఎంపీఎస్ పెడితే కరెంటు బిల్లు పెరుగుతుందని ఇంట్లో పెద్దవాళ్లు అంటే భయపడకండి. 750 వాట్ల డబ్బా పెట్టినా కంప్యూటర్ 280 అడిగితే 280కి తగ్గట్టే గోడ నుంచి తీసుకుంటుంది.

యూపీఎస్, ఇన్వర్టర్, ఎర్తింగ్

దీన్ని ఎవరూ చూడరు. ఇళ్లల్లో ఎక్కువగా ఉండేది 600 వీఏ యూపీఎస్. దాని వెనక చూస్తే చాలావరకు 360 వాట్లు అని ఉంటుంది. పైన లెక్కేసిన 282 వాట్ల కంప్యూటర్ గోడ నుంచి తీసుకునేది దాదాపు 330. మానిటర్‌తో కలిపితే 360 దగ్గరికి వచ్చేసింది. వేసవి సాయంత్రం గాలివానకు కరెంటు పోయినప్పుడు మీరు గేమ్ ఆడుతుంటే ఆ యూపీఎస్ ఒక్క కీచుమని మొత్తం ఆపేస్తుంది. తప్పు ఎస్‌ఎంపీఎస్‌ది అనుకుంటారు. 4060 స్థాయి కార్డు పెట్టేవాళ్లు 1000 వీఏది చూసుకోవాలి, అది కూడా వాట్ల అంకె చదివి.

ఇంటి ఇన్వర్టర్ మీద నడిపేవాళ్లు ప్యూర్ సైన్ వేవ్ రకమేనా చూడండి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద కొన్ని మంచి ఎస్‌ఎంపీఎస్‌లు ఆగిపోతాయి, కొన్ని గుయ్యిమంటాయి. ఇన్వర్టర్‌కు యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటే ఆ మోడ్‌లోనే ఉంచాలి. లేకపోతే కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునేలోపే కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంది.

క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటుందా? అది ఎర్తింగ్ లేదన్న సంకేతం. పాత ఇళ్లలో మూడో రంధ్రం ఉంటుంది కానీ వెనక తీగ ఉండదు. ఖరీదైన కార్డు పెట్టే ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఆ సాకెట్‌కు ఎర్త్ వేయించండి. కార్డుకన్నా ముందు ఇది మీ ఒంటికి అవసరం.

లెక్క సరిపోకపోతే

చిన్న తేడా అయితే, అంటే 70 శాతం బదులు 78 వస్తే, ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే ప్రోగ్రామ్‌లో కార్డు పవర్ లిమిట్‌ను 80 శాతానికి దించి వాడొచ్చు. గేమ్ వేగం తగ్గేది కొద్దిగానే. పెద్ద తేడా అయితే రెండే దారులు, చిన్న కార్డు లేదా కొత్త ఎస్‌ఎంపీఎస్. ఉన్న డబ్బుతో రెండూ కొనలేకపోతే, పెద్ద కార్డు ఇప్పుడు తెచ్చుకుని ఎస్‌ఎంపీఎస్ తర్వాత మార్చుకుందామని మాత్రం అనుకోకండి. ముందు ఎస్‌ఎంపీఎస్ కొనండి. కార్డు నెలో రెండు నెలలో ఆగి తెచ్చుకోవచ్చు. నాసిరకం డబ్బా పోయేటప్పుడు ఒంటరిగా పోదు, బోర్డునూ కార్డునూ తీసుకుపోగలదు.

అంగట్లో అడిగేటప్పుడు "అన్నా, 550 వాట్స్‌ది ఇవ్వు" అని ఊరుకోకండి. "12 వోల్ట్‌లో ఎన్ని యాంప్స్ ఉందన్నా? 6 ప్లస్ 2 ప్లగ్గులు ఎన్ని? వారంటీ ఎన్నేళ్లు, సర్వీస్ సెంటర్ ఎక్కడ?" అని అడగండి. డబ్బా పక్కన పట్టిక ఉంటుంది, మీరే చదవండి. చదవనివ్వని చోట కొనకండి.

బిగించాక పరీక్ష

కార్డు బిగించి డ్రైవర్ వేశాక మధ్యాహ్నం పూట పరీక్ష పెట్టండి, పొద్దున చల్లగా ఉన్నప్పుడు కాదు. ఓసీసీటీ అనే ప్రోగ్రామ్‌లో పవర్ టెస్ట్ ఉంటుంది. అది ప్రాసెసర్‌నూ కార్డునూ ఒకేసారి పూర్తిగా పరుగెత్తిస్తుంది. అరగంట నడవనివ్వండి, పక్కనే కూర్చోండి. కాలిన వాసన వస్తే గోడ స్విచ్ ఆపేయాలి. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రామ్‌లో 12 వోల్టుల రీడింగ్ చూడండి. 11.4 కంటే తగ్గకూడదు, 12.6 దాటకూడదు. సాఫ్ట్‌వేర్ రీడింగ్ అంత కచ్చితం కాదు. అనుమానంగా ఉంటే మల్టీమీటర్ వాడటం తెలిసినవాళ్లతో ఖాళీగా ఉన్న నాలుగు పిన్‌ల మోలెక్స్ ప్లగ్‌లో పసుపు తీగకూ నలుపు తీగకూ మధ్య చూపించండి.

మధ్యలో టప్పున ఆగిపోతే లేదా తనంతట తానే రీస్టార్ట్ అయితే విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్ పవర్ 41 అన్న ఎర్రర్ కనిపిస్తుంది. సరిగా షట్‌డౌన్ కాకుండా ఆగిందని మాత్రమే దానర్థం. ప్రాసెసర్ వేడెక్కినా అదే వస్తుంది. ముందు ఉష్ణోగ్రతలు చూడండి. అవి బాగుంటే పవర్ లిమిట్‌ను 70 శాతానికి దించి మళ్లీ పరీక్షించండి. అప్పుడు ఆగకుండా నడిస్తే అనుమానం ఎస్‌ఎంపీఎస్ మీదే. స్క్రీన్ ఒక క్షణం నల్లబడి మళ్లీ వచ్చి, కంప్యూటర్ మాత్రం నడుస్తూనే ఉంటే అది చాలాసార్లు డ్రైవర్ సమస్య.

అరగంటా నిలబడితే కంప్యూటర్ ఆపి, ప్లగ్ పీకి, కార్డు దగ్గరి కేబుల్ ప్లగ్‌ను వేలితో తాకి చూడండి. గోరువెచ్చగా ఉండొచ్చు, చెయ్యి పెట్టలేనంత వేడి ఉండకూడదు. వారం పది రోజుల తర్వాత ఇంకోసారి డోరు తీసి ఆ ప్లగ్ రంగు మారిందేమో, కొంచెం బయటికి జారిందేమో చూడండి. ఎస్‌ఎంపీఎస్ బిల్లు, డబ్బా మీది సీరియల్ నంబర్ ఫోటోలు తీసి ఫోన్‌లో ఉంచుకోండి. అంగడి బిల్లు కాగితం మీద అక్షరాలు ఏడాదికే చెరిగిపోతాయి, వారంటీ అడిగే రోజుకు అదే కావాల్సి వస్తుంది.